ఇంట్లో తూటాల రీలోడింగ్: ప్రైమింగ్ టూల్‌ని భద్రంగా వాడటం ఎలా, మొదటి నుంచి చివరి దాకా

రీలోడింగ్ అంటే పేల్చేసిన తూటా తాలూకు ఖాళీ కేసులో (ఇత్తడి తొడుగులో) కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం. ఇది మొదలుపెట్టిన మనవాళ్లు ఎక్కువగా పౌడర్ గురించే భయపడతారు, పౌడర్ గురించే అడుగుతారు. కానీ ఆ టేబుల్ మీద దెబ్బ తగిలితే పేలేది ప్రైమర్. స్మోక్‌లెస్ పౌడర్ బయట అంటుకుంటే భగ్గున మండుతుంది. ప్రైమర్ అలా కాదు, కొడితే పేలడానికే దాన్ని తయారుచేశారు, పైగా పక్కన ఇంకో వంద ఉంటే వాటిని కూడా పేల్చగలదు. అందుకే ఇక్కడ పౌడర్ కొలతల జోలికి పోకుండా ఒక్క ప్రైమింగ్ గురించే, అంటే కేసు అడుగున ప్రైమర్‌ని కూర్చోబెట్టడం గురించే వివరంగా రాస్తున్నాను.

ఇది అమెరికాలో ఉంటూ, చట్టప్రకారం తుపాకీ ఉండి, షూటింగ్ రేంజ్‌కి వెళ్లే అలవాటున్నవాళ్ల కోసం. ఇండియాలో ఉన్నవాళ్లు దీన్ని చూసి ప్రయత్నించకండి. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం.

1. టూల్ కొనేముందు వీసా స్టేటస్ చూసుకోండి

అమెరికాలో సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మడం కోసం చేస్తే మాత్రం కావాలి.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అయితే ఆ చట్టం లెక్కలో అమ్యునిషన్ అంటే పూర్తయిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్, వీటిలో ప్రతిదీ అమ్యునిషనే. "నేను తుపాకీ కొనలేదు కదా, ఫ్రెండ్ కోసం ప్రైమర్ల డబ్బా ఒకటి ఉంచాను" అనే మాట అక్కడ పనికిరాదు.

మీకు గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండి, రూమ్మేట్ హెచ్-1బి మీద ఉంటే సామాను మొత్తం మీ తాళం కింద, మీ ఒక్కరి చేతిలో ఉండాలి. అనుమానం ఉంటే కొనకముందే లాయర్‌ని అడగండి. అద్దె ఇల్లయితే లీజు చదవండి, ఊరి ఫైర్ కోడ్ కూడా చూడండి.

2. ఒక ప్రైమర్‌లో ఏముంటుంది

కందిపప్పు బద్దంత ఉంటుంది. చిన్న సైజు ప్రైమర్ వ్యాసం 0.175 అంగుళం, పెద్ద సైజుది 0.210 అంగుళం. పల్చని లోహపు గిన్నె, దాంట్లో పేలుడు మిశ్రమం, దానిపైన యాన్విల్ అనే కాళ్లున్న చిన్న ముక్క. తుపాకీలోని ఫైరింగ్ పిన్ గిన్నెని బయటినుంచి కొడితే, ఆ మిశ్రమం గిన్నెకీ యాన్విల్‌కీ మధ్య నలిగి పేలుతుంది.

మామూలు ప్రైమర్ల మిశ్రమంలో లెడ్ స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్, యాంటిమనీ సల్ఫైడ్ ఉంటాయి. అంటే పేలడం ఒక ప్రమాదమైతే, సీసం ఒంట్లోకి పోవడం రెండో ప్రమాదం. ఈ రెండోది కనపడదు కాబట్టి ఎక్కువమంది పట్టించుకోరు.

నెమ్మదిగా, ఒకే తీరుగా నొక్కితే ప్రైమర్ సాధారణంగా పేలదు. హఠాత్తుగా తగిలే దెబ్బకి పేలుతుంది. కింద రాసిన జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదే, దీన్ని గుర్తుంచుకోండి.

3. గది, టేబుల్, మీరు

కార్పెట్ ఉన్న గది వద్దు. కిందపడ్డ ప్రైమర్ కార్పెట్ పోగుల్లో దూరితే దొరకదు, తర్వాత ఎప్పుడో వ్యాక్యూమ్ క్లీనర్‌లోకి పోతుంది. టైల్స్ గానీ కాంక్రీటు గానీ ఉన్న నేల మంచిది. అలాంటిది లేకపోతే టేబుల్ కింద లేత రంగు దుప్పటి పరచండి.

దేవుడి గదిలో దీపం, అగరుబత్తి వెలుగుతుంటే ఆ పక్క గదిలో ఈ పని పెట్టుకోకండి. పండగ రోజు ఇంటినిండా చుట్టాలున్నప్పుడు అసలే వద్దు. పిల్లలు లోపలికి రాకుండా తలుపు గడియ పెట్టగలిగే గది కావాలి, ఎవరూ మధ్యలో పిలవని టైమ్ కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇవేంటో తెలియదు, మెరిసే చిన్న బిళ్లలు కనపడితే ఏరి డబ్బాలో వేస్తారు, కాబట్టి వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

చలికాలం హీటర్ వేసిన పొడి గాలిలో స్టాటిక్ విద్యుత్ ఎక్కువ. ఉన్ని, సింథటిక్ బట్టలు కాకుండా కాటన్ వేసుకోండి. కూర్చునే ముందు భూమితో కనెక్షన్ ఉన్న లోహాన్ని ఒకసారి ముట్టుకోండి.

మొదలుపెట్టే ముందు చెక్‌లిస్ట్:

- సేఫ్టీ గ్లాసెస్ కళ్లకి ఉన్నాయా (తలమీద ఉంటే లెక్కలోకి రాదు)
- టేబుల్ మీద పౌడర్ డబ్బా గానీ, పౌడర్ పోసిన కేసు గానీ లేదు కదా
- ఒకే రకం ప్రైమర్లు, ఒకే ఒక్క పెట్టె బయట ఉన్నాయా
- టీ, కాఫీ, మిక్చర్, సిగరెట్ ఏవీ లేవు కదా
- చేతులకి నూనె, కేసులకి రాసే ల్యూబ్ లేకుండా పొడిగా ఉన్నాయా
- ఫోన్ సైలెంట్‌లో ఉందా

గ్లాసెస్ విషయంలో రాజీ లేదు. ఒక్క ప్రైమర్ పేలినా యాన్విల్ ముక్కో గిన్నె ముక్కో కంటిలోకి దూసుకుపోగలదు.

4. టూల్ రకాలు, ఏది దేనికి

చేత్తో పిండే హ్యాండ్ ప్రైమర్ కొత్తవాళ్లకి మంచిదని నా అభిప్రాయం. ప్రైమర్ లోపలికి పోయే తీరు వేళ్లకి నేరుగా తెలుస్తుంది. టేబుల్‌కి బిగించే బెంచ్ ప్రైమర్‌తో కూడా స్పర్శ బాగా తెలుస్తుంది, చేతులు నొప్పి పుట్టవు. ప్రెస్ (రీలోడింగ్ పనులు చేసే పెద్ద లీవర్ మెషీన్) మీదే ప్రైమింగ్ చేస్తే లీవర్ పొడవు, బలం ఎక్కువ కావడంతో, లోపల ఏదో అడ్డుపడుతోందన్న సంగతి చేతికి ఆలస్యంగా తెలుస్తుంది. ప్రోగ్రెసివ్ ప్రెస్ (లీవర్ ఒకసారి లాగితే అన్ని దశలూ జరిగేది) మీద ప్రైమింగ్ కొంత అనుభవం వచ్చాక చేయండి.

కొనేటప్పుడు ఒకటి చూడండి. కూర్చోబెడుతున్న ప్రైమర్‌కీ, ట్రేలో మిగిలినవాటికీ మధ్య అడ్డు ఉందా? ఆర్‌సీబీఎస్ యూనివర్సల్ హ్యాండ్ టూల్ లాంటివాటిలో అలాంటి గేటు ఉంటుంది. ఒకటి పేలితే ఆ దెబ్బ ట్రేకి పాకకుండా చూడటమే దాని పని. డిల్లాన్ ప్రెస్‌లలో ప్రైమర్ ట్యూబు చుట్టూ ఉక్కు గొట్టం ఉండేది కూడా ఇందుకే. అడ్డొస్తోందని దాన్ని తీసేసి వాడేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

టూల్‌తో వచ్చిన సూచనల కాగితం పూర్తిగా చదవండి. కొన్ని టూల్స్‌కి కొన్ని బ్రాండ్ల ప్రైమర్లు వాడొద్దని తయారీదారే రాసి ఉంటారు. ఫెడరల్ ప్రైమర్లు మిగతావాటికంటే సున్నితమని రీలోడర్లలో పేరుంది, వాటి ప్యాకింగ్‌లో కూడా ప్రైమర్ల మధ్య ఎడం ఎక్కువ ఇస్తారు.

షెల్ హోల్డర్ (కేసు అడుగుని పట్టి ఉంచే ముక్క) మీ క్యాలిబర్‌కి, అంటే తూటా సైజుకి సరిపోయేదే కావాలి. లీ ఆటో ప్రైమ్ షెల్ హోల్డర్లు వేరు, ప్రెస్‌వి వేరు. "దాదాపు సరిపోయింది" అనుకుని వేరేది పెడితే కేసు ఒరుగుతుంది, ప్రైమర్ కూడా పక్కకి ఒరిగి ఎక్కుతుంది.

5. బ్రాస్ (ఇత్తడి కేసులు) సిద్ధం చేయడం, అసలు కష్టం ఇక్కడే తప్పించుకోవచ్చు

ప్రైమింగ్‌లో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు టూల్ తప్పు వల్ల రావు, చూడకుండా వదిలేసిన కేసు వల్ల వస్తాయి.

మొదటిది, మిలిటరీ క్రింప్. 5.56 రైఫిల్ కేసుల్లో, కొన్ని 9 ఎంఎం పిస్టల్ కేసుల్లో ప్రైమర్ కదలకుండా దాని చుట్టూ బ్రాస్‌ని లోపలికి నొక్కి ఉంచుతారు. కేసు అడుగున ఎల్‌సి అనే అక్షరాలు గానీ, వృత్తంలో కూడిక గుర్తు గానీ కనపడితే క్రింప్ ఉందనే అనుకుని చూడండి. పాత ప్రైమర్ తీసేసినా ఆ అంచు అలాగే ఉంటుంది. దాన్ని స్వేజింగ్ టూల్‌తో వెడల్పు చేయాలి, లేదా రీమర్‌తో గీకేయాలి. ఇది మానేసి కొత్త ప్రైమర్ నొక్కితే అంచు తగిలి ఆగుతుంది, మీరు ఇంకా గట్టిగా నొక్కుతారు, ప్రైమర్ నలుగుతుంది.

రెండోది, .45 ఏసీపీ అనే పిస్టల్ తూటా. దీంట్లో పెద్ద ప్రైమర్ కేసులూ ఉంటాయి, చిన్న ప్రైమర్ కేసులూ ఉంటాయి. రేంజ్‌లో ఏరుకొచ్చిన బ్రాస్‌లో రెండూ కలిసిపోతాయి. పక్కనుంచి చూస్తే తేడా తెలియదు, కేసుని తిప్పి అడుగు చూస్తేనే తెలుస్తుంది. ప్రైమర్ కూర్చునే చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్‌ని తోయడం ప్రమాదానికి దగ్గరి దారి. 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్ తూటాలో కూడా రెండు రకాలూ ఉన్నాయి. ఒక్కో కేసుని వెలుతురులో పట్టుకుని అడుగు చూసి వేరుచేయండి, దీనికి షార్ట్‌కట్ లేదు.

మూడోది, గుంటలో మసి. అడుగున గట్టి మసి పేరుకుంటే ప్రైమర్ పూర్తిగా దిగదు. ప్రైమర్ పాకెట్ క్లీనర్‌తో రెండు తిప్పులు తిప్పితే చాలు. తడిగా టంబుల్ చేసిన (మెషీన్‌లో దొర్లించి శుభ్రం చేసిన) బ్రాస్ అయితే గుంటలో నీరు లేకుండా పూర్తిగా ఆరాలి. ఫ్లాష్ హోల్‌లో (గుంట నుంచి కేసు లోపలికి మంట పోయే రంధ్రంలో) టంబ్లర్‌లో వేసే స్టీల్ పిన్ను గానీ మీడియా గింజ గానీ ఇరుక్కుందేమో చూడాలి.

ఇక ప్రైమర్ రకం. రైఫిల్ ప్రైమర్, పిస్టల్ ప్రైమర్ వ్యాసంలో ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి వాడదామనిపిస్తుంది. వద్దు. రైఫిల్ ప్రైమర్ గిన్నె మందం ఎక్కువ. పెద్ద రైఫిల్ ప్రైమర్ ఎత్తు కూడా ఎక్కువ, పిస్టల్ కేసులో పెడితే పైకి లేచి ఉంటుంది. పల్చని పిస్టల్ ప్రైమర్‌ని రైఫిల్ కేసులో పెడితే ఆ ప్రెషర్‌కి గిన్నె చిల్లు పడొచ్చు. లోడ్ మాన్యువల్ (ఏ తూటాకి ఏవి వాడాలో చెప్పే పుస్తకం) ఏది చెబితే అదే వాడండి.

6. ట్రే నింపడం

ప్రైమర్లని ప్యాకెట్ నుంచి నేరుగా టూల్ ట్రేలోకే దించండి. వేళ్లతో ఒక్కొక్కటీ పట్టుకోకండి, వేళ్ల మీది నూనె, చెమట మిశ్రమంలోకి దిగితే అది పేలకుండా పోవచ్చు. గాజు సీసాలో, ప్లాస్టిక్ డబ్బాలో గుమ్మరించి ఉంచడం మాత్రం ఎప్పుడూ చేయకండి. విడిగా ఒకచోట చేరిన ప్రైమర్లు ఒకటి పేలితే అన్నీ ఒకేసారి పేలతాయి. ఫ్యాక్టరీ ప్యాకింగ్ ఒక్కోదాన్నీ విడిగా గడుల్లో ఉంచేది అందుకే.

ఎన్ని పోయాలి? ఎంత తక్కువైతే అంత మంచిది. ట్రే వంద పట్టినా, ఇప్పుడు పూర్తిచేసే బ్లాకులో (కేసులు నిలబెట్టే పలకలో) ఎన్ని కేసులున్నాయో అన్ని చాలు. యాభై కేసుల బ్లాకైతే యాభై ప్రైమర్లు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. చివర్లో లెక్క సరిపోకపోతే ఒకటి కిందపడిందనో, ఒక కేసుకి ప్రైమర్ పడలేదనో వెంటనే తెలుస్తుంది.

ట్రేలోని గీతల మీద ప్రైమర్లు ఒకే వైపు తిరిగేదాకా ట్రేని మెల్లగా ఊపండి. మెల్లగా అంటే మెల్లగానే. ఏ వైపు పైకి ఉండాలో మీ టూల్ సూచనల్లో ఉంటుంది, కేసులోకి పోయేటప్పుడు యాన్విల్ మాత్రం కేసు లోపలి వైపుకే ఉండాలి. మొండిగా తిరగని ఒకటి రెండింటిని ప్లాస్టిక్ ట్వీజర్‌తో తిప్పండి. మూత పెట్టాకే టూల్‌ని వంచండి.

7. కూర్చోబెట్టడం

టూల్‌లో ప్రైమర్ సైజుకి తగ్గ పంచ్ (ప్రైమర్‌ని తోసే కడ్డీ) ఉందో లేదో ట్రే పెట్టకముందే చూడండి. చిన్న పంచ్‌తో పెద్ద ప్రైమర్‌ని తోస్తే గిన్నె మధ్యలో గుంట పడుతుంది.

క్రమం ఇలా:

1. కేసుని షెల్ హోల్డర్‌లోకి చివరిదాకా జరపండి. సగంలో ఆగితే మధ్యకి రాదు.
2. కేసు మూతి మీ ముఖానికి, పక్కనున్నవాళ్లకి దూరంగా ఉండేలా పట్టుకోండి. ప్రైమర్ పేలితే ఆ మంట ఫ్లాష్ హోల్ గుండా మూతిలోంచి వస్తుంది.
3. లీవర్‌ని నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టండి. ముందు ఖాళీగా కదులుతుంది, తర్వాత ప్రైమర్ గుంట అంచుకి తగులుతుంది. ఇక్కడ ఒక క్షణం ఆగండి.
4. ఒకే తీరుగా నొక్కుతూ పోండి. ప్రైమర్ గుంట గోడలకి రాసుకుంటూ దిగుతున్నట్టు వేళ్లకి తెలుస్తుంది.
5. యాన్విల్ కాళ్లు గుంట అడుగుకి తగలగానే లీవర్ గట్టిగా ఆగినట్టు అనిపిస్తుంది. ఇంకొంచెం, చాలా కొంచెం నొక్కి వదిలేయండి.
6. కేసు తీసి అడుగున వేలు రాయండి, బ్లాకులో మూతి కిందికి ఉండేలా పెట్టండి.

మూడో స్టెప్‌లో ఆగమన్నది ఊరికే కాదు. ప్రైమర్ నేరుగా ఉంటే లోపలికి పోయే నిరోధం మెత్తగా, సమానంగా ఉంటుంది. పక్కకి ఒరిగితే, క్రింప్ అంచు తగిలితే, తప్పు సైజైతే మొదట్లోనే రాయికి తగిలినట్టు ఆగుతుంది. ఆ తేడా చేతికి పట్టుబడటానికి ఒక పూట చాలు, కానీ ఆ పూట తొందరపడకుండా చేయాలి. రాయిలా ఆగిందంటే లీవర్ వదిలేయండి. రెండో చేయి సాయం తీసుకోవడం, లీవర్‌ని టేబుల్‌కేసి నొక్కడం, సుత్తితో తట్టడం ఏవీ వద్దు.

చేతులు అలసిపోతే లేచి నడిచిరండి. అలిసిన చేయి కుదుపుతో నొక్కుతుంది, ప్రైమర్‌కి పడనిది ఆ కుదుపే.

8. ప్రతి కేసునీ చూడాలి

ప్రైమర్ కేసు అడుగుకంటే కొద్దిగా లోపలికి ఉండాలి, సాధారణంగా 0.003 నుంచి 0.005 అంగుళం. వేలు రాస్తే చిన్న పల్లం తగలాలి. సందేహం వస్తే స్టీల్ స్కేలు అంచుని అడుగున ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, ప్రైమర్ పైకి ఉంటే స్కేలు ఊగుతుంది.

పైకి ఉంటే ఏమవుతుంది? రివాల్వర్‌లో సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. ఎం1 గరాండ్, ఎస్‌కేఎస్, ఏఆర్-15 లాంటి ఫైరింగ్ పిన్ వదులుగా కదిలే సెమీ ఆటోమేటిక్‌లలో బోల్ట్ మూసుకుంటుండగానే, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉంది. దాన్ని స్లామ్ ఫైర్ అంటారు. అలాంటి రైఫిళ్ల కోసం సీసీఐ కంపెనీ 34, 41 లాంటి తక్కువ సున్నితత్వం ఉన్న ప్రైమర్లు అమ్ముతారు, కానీ ఎత్తుగా కూర్చున్నదాన్ని అవి కూడా సరిచేయవు.

ఇంకో ఫలితం మిస్‌ఫైర్. యాన్విల్ అడుగుకి ఆనకపోతే మొదటి దెబ్బ బలమంతా ప్రైమర్‌ని లోపలికి తోయడానికే సరిపోతుంది, రెండో దెబ్బకి పేలుతుంది. "నా తుపాకీ స్ప్రింగ్ వీక్ అయింది" అని బాధపడేవాళ్లు ముందు ప్రైమర్లు ఎంత లోతు దిగాయో చూసుకోవాలి.

9. తప్పు జరిగితే ఎలా సరిచేయాలి

*కొంచెం ఎత్తుగా ఉంది.* కేసు ఖాళీగా ఉంటేనే, మళ్లీ టూల్‌లో పెట్టి నెమ్మదిగా నొక్కండి. పౌడర్, బుల్లెట్ పెట్టేసిన తూటాలో ప్రైమర్‌ని ఇంకా లోపలికి నొక్కే ప్రయత్నం ఎప్పుడూ చేయకూడదు.

*పక్కకి ఒరిగి నలిగింది, లేదా తలకిందులుగా దిగింది.* ఇంకా నొక్కకండి. పేలని ప్రైమర్‌ని, పాత ప్రైమర్లు తీసే డీక్యాపింగ్ పిన్‌తో వెనక్కి తోయొచ్చని ఇంటర్నెట్‌లో వీడియోలు బోలెడు. అలా చేయొద్దనే నేను చెబుతాను. ఒక్క కేసు ఖరీదు ఎంతని! విడిగా, గుర్తుపెట్టి, మిగతా ప్రైమర్లకి దూరంగా ఉంచి, ఎలా వదిలించుకోవాలో మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని అడగండి. చెత్తబుట్టలో వేయకండి.

*నూనెలో వేస్తే చచ్చిపోతుందంటారు.* నమ్మకండి. నూనె, డబ్ల్యూడీ-40 తగిలిన ప్రైమర్లు కూడా పేలతాయి. నీళ్లలో తడిసినవి ఆరాక మళ్లీ పనిచేయొచ్చు.

*టూల్‌లో ప్రైమర్ ఇరుక్కుంది.* ముందు ట్రే తీసేయండి, మిగతా ప్రైమర్లని పక్కకి చేర్చండి. తర్వాతే టూల్ విప్పండి. పిన్నీసుతో, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ట్యూబులో ఇరుక్కుంటే పైనుంచి కడ్డీతో తోసి దించడం ఇంకా ప్రమాదం, ఆ ట్యూబు నిండా ప్రైమర్లు ఒకదానిమీద ఒకటి ఉంటాయి.

*ఒకటి కిందపడింది.* పని ఆపి, అది దొరికేదాకా వెతకండి. కుర్చీ జరపకండి, చెప్పులతో తిరగకండి. టార్చిని నేలకి దాదాపు ఆనించి అడ్డంగా వేస్తే నీడ పడి కనపడుతుంది. అయస్కాంతానికి అంటుకోదు. వ్యాక్యూమ్ పెట్టకండి.

10. పని అయ్యాక

మిగిలిన ప్రైమర్లు వాటి అసలు ప్యాకెట్‌లోకే వెళ్లాలి. ట్రేలో రాత్రంతా వదిలేస్తే రేపటికి అవి రైఫిల్‌వో పిస్టల్‌వో ఎవరికీ తెలియదు.

ట్రేలో, ట్యూబులో సన్నటి పొడి పేరుకుంటుంది, అది కూడా పేలుడు మిశ్రమమే. తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే మళ్లీ వాడండి. ప్రైమర్ తగిలే చోట నూనె వేయకండి.

చేతులు చన్నీళ్లతో, సబ్బుతో కడగండి. సీసం వదిలించే ప్రత్యేకమైన సబ్బులు దొరుకుతాయి, అవి ఇంకా మంచివి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో పిల్లల రక్తంలో సీసం హెచ్చరిక స్థాయిని డెసీలీటర్‌కి 3.5 మైక్రోగ్రాములకి తగ్గించింది. పాత ప్రైమర్ మసితో నిండిన డ్రై టంబ్లర్ దుమ్ము ఇంట్లోకి సీసం రావడానికి పెద్ద దారి, కాబట్టి టంబ్లర్‌ని వంటగది దగ్గర, బట్టలు ఆరేసే గదిలో పెట్టకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మెషీన్‌ని ఇంట్లోనే నడపకండి.

నిల్వ చెక్‌లిస్ట్:

- అసలు ప్యాకింగ్‌లో, చల్లగా, పొడిగా ఉండే చోట. టెక్సస్ ఎండాకాలంలో గరాజ్ పనికిరాదు
- పౌడర్‌కి దూరంగా, వేరే అరలో
- తాళం వేసిన చెక్క అల్మారాలో. గాలి చొరబడని ఉక్కు అమ్యునిషన్ డబ్బా వద్దు, ఇల్లు అంటుకుంటే అది బాంబులా పనిచేస్తుంది
- ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా అగ్ని భద్రతా సంఘం) 495 ప్రమాణం ప్రకారం నివాసంలో 10,000 ప్రైమర్లకి మించకుండా. మీ ఊళ్లో పరిమితి ఇంకా తక్కువ ఉండొచ్చు
- అల్మారా ఎక్కడుందో ఇంట్లో ఇంకొక పెద్దవాళ్లకి తెలిసి ఉండాలి, మంటలొస్తే ఫైర్ సిబ్బందికి ఆ మాట మొదట చెప్పాలి

ఆఖరుగా, రేంజ్‌కి వాడే బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. తుపాకీ తూటాలని నిబంధనల ప్రకారం ప్యాక్ చేసి చెక్-ఇన్‌లో తీసుకెళ్లే వీలు అమెరికా దేశీయ విమానాల్లో ఉంటుంది గానీ, విడి ప్రైమర్లని క్యాబిన్‌లోకీ చెక్-ఇన్‌లోకీ దేంట్లోకీ అనుమతించరు. శంషాబాద్‌లో దిగాక బ్యాగు అడుగున ఒక్క తూటా దొరికినా ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది. జేబులు, జిప్పులు, లోపలి లైనింగ్ కుట్లు తడిమి చూసి, ఆ బ్యాగుని రీలోడింగ్ సామానుతోనే ఉంచేయండి, ప్రయాణానికి వేరే సూట్‌కేస్ తీయండి.